మింగని ఉమ్మి

స్కూలు చొక్కా ఉతకబోతే కాలరు చేతికి జిగటగా తగిలింది. ప్రవీణ దాన్ని బకెట్లోకి విసిరేసి, నల్లా కింద చెయ్యి పెట్టి రుద్ది రుద్ది కడుక్కుంది. సబ్బు వాసన వెనక నుంచి పుల్లటి వాసన ఇంకా వస్తూనే ఉంది. కన్నబిడ్డ చొక్కా ముట్టుకుంటే వాంతికొస్తోందన్న ఆలోచనకు ఒళ్లు మరింత జలదరించింది.

కోరుట్లలో బస్టాండుకు పోయే దారిలో ప్రవీణ, శ్రీశైలం కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతారు. ముందు గది హోటలు, వెనక రెండు గదులు కాపురం. శ్రీశైలం తండ్రి బతికినన్నాళ్లూ తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. కొడుక్కి ఆ పని అబ్బలేదు, బోండాలు వేయడం అబ్బింది. కానీ సెంటర్‌కు పేరొచ్చింది ప్రవీణ శుభ్రం వల్లే. చట్నీలో ఈగ పడితే గిన్నె మొత్తం పారబోసే మనిషి ఆమె. అలాంటి మనిషి కూతురు నవ్య, రెండో తరగతి పిల్ల, ఉమ్మి మింగడం మానేసింది.

వానాకాలంలో జలుబుతో మొదలైంది. గొంతులో కఫం పట్టిందేమో అనుకున్నారు. జలుబు తగ్గింది, ఉమ్మడం తగ్గలేదు. మొదట మోరీ కాల్వలో ఉమ్మేది. తర్వాత చేతిరుమాల్లో. కసురుకుంటే కాలర్లో, దిండు కింద, కిటికీ మూలలో, చివరికి తాగే గ్లాసులో. బుగ్గలు నింపుకుని మూగదానిలా కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. మూతి చివర్లు ఒరిసిపోయి పుండ్లు పడ్డాయి. ప్రతి ముద్దకూ ముందు నోరు పుక్కిలించాల్సిందే. అలా సగం అన్నం పళ్లెంలోనే ఎండిపోయేది.

గుట్కా నమిలే మగవాళ్లు సెంటర్ ముందే ఎర్రగా ఉమ్మి, మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చి ఇడ్లీ అడుగుతారు. వాళ్లకు ప్లేటు అందించడానికి ప్రవీణ ఏనాడూ ముఖం చిట్లించలేదు. బిడ్డ ఉమ్మి చూస్తే మాత్రం ఆమెకు తిన్నది బయటికొచ్చేది. తిట్టింది, వీపు మీద కొట్టింది. దాని చాప వేరే గదిలో వేసింది. తెల్లారి జడ వేసేటప్పుడు కూడా ఆ ముఖం తన భుజానికి తగలకుండా జరిగి కూర్చునేది.

"గట్ల కొట్టకు పిల్లా, ఆగమైతది. పసిదానికేదో సోకింది," అనేది అత్త బుచ్చవ్వ. అంటూనే మనవరాలి మూతిని తన కొంగుతో తుడిచేది. ఆ కొంగును చూసి ప్రవీణ ఆమెను కూడా వంటింట్లోకి రానిచ్చేది కాదు.

"పెద్దగైతే గదే పోతదే," అనేవాడు శ్రీశైలం, పెనం మీద నుంచి చూపు ఎత్తకుండా.

సిరిసిల్లలో ప్రవీణ అన్న తన కూతురికి చీర కట్టించే ఫంక్షన్ పెట్టుకున్నాడు. సెంటర్ మూయడం కుదరక శ్రీశైలం ఆగిపోయాడు. ప్రవీణ అత్తనూ కూతురినీ తీసుకుని వెళ్లింది. బస్సులో దారి పొడవునా చెబుతూనే ఉంది.

"గాడ అందరుంటరు. ఊంచినవంటే ఇజ్జత్ వోతది. నోరు మూస్కొని కూసో."

నవ్య నోరు మూసుకునే కూర్చుంది. భోజనాల దగ్గర ఇక ఆపుకోలేక, ఎవరూ చూడటం లేదనుకుని, స్టీలు గ్లాసు నోటికి ఆనించి అందులో వదిలింది. దాన్ని ఆకు పక్కనే పెట్టింది. అప్పుడే పొద్దుటి నుంచి పనిలో ఉన్న వనిత, ప్రవీణ వదిన, దాహమై ఆ గ్లాసు ఎత్తింది. పెదవుల దాకా తెచ్చాక నురుగు కనిపించింది.

"ఛీ, ఛీ! ప్రవీణా, గిదేందే? తాగే నీళ్లల్ల ఊంచి పెట్టింది నీ బిడ్డ!"

గ్లాసు నేల మీద పడి దొర్లింది. తెల్లటి నురుగు బండల మీద పారింది. బంతిలో కూర్చున్నవాళ్లు ఆకులు ముందుకు నెట్టేశారు. వనిత కొంగుతో పెదవులు తుడుచుకుంటూ, "గిదేనా నువ్వు నేర్పింది? మీ హోటల్ల తినేటోళ్లకు ఎర్కనా గీ సంగతి?" అంది.

ప్రవీణ కూతురిని రెక్క పట్టుకుని హాలు వెనక గిన్నెలు కడిగే చోటికి లాక్కుపోయింది. ఎంగిలాకులు, ఈగలు, పులిసిన సాంబారు వాసన. అక్కడ ఆమె కంటికి అన్నిటికన్నా రోతగా కనిపించింది బిడ్డ గడ్డం మీద వేలాడుతున్న చొంగే.

"నా కడుపున ఎట్ల వుట్టినవే నువ్వు? నీ రోతకు నేను సచ్చిపోత, సూడు!"

నవ్య కళ్లు పెద్దవయ్యాయి. మరుక్షణం నుంచి ఆపకుండా ఉమ్మసాగింది. నోరు ఎండిపోయి, ఉమ్మి రాక, ఊరికే తూతూ అంటూనే ఉంది. వద్దన్నకొద్దీ ఎక్కువైంది.

మర్నాడు బుచ్చవ్వ పట్టుబట్టింది. "వీర్నపల్లి అవుతల కొమురెల్లని ఒకాయనున్నడు. మంత్రమేసి నోరు కట్టిచ్చుడు ఆయనకు తెలుసట. గింత దూరం వచ్చినం, సూపిచ్చుకొని పోదాం." అన్న ఇంట్లో తలెత్తుకోలేక అక్కడి నుంచి ఎటైనా బయటపడితే చాలనుకుంది ప్రవీణ. ఆటో ఎక్కారు.

కొమురెల్లి అరుగు మీద జర్దా నములుతూ కూర్చున్నాడు. గడ్డం వెంట్రుకల్లో ఎర్రటి తుంపర్లు ఎండి ఉన్నాయి. పళ్ల సందుల్లో నల్లటి పాచి. పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, నెత్తిన చెయ్యి పెట్టి, చెంబులో బూడిద కలిపిన నీళ్లు నోటి నిండా పోసుకుని పుక్కిలించాడు. బుచ్చవ్వ చేతులు జోడించింది. ఆయన సగం నీళ్లు నవ్య ముఖం మీద ఊదాడు. మిగతావి దోసిట్లోకి ఉమ్మి పిల్ల మూతి దగ్గర పెట్టాడు.

"మింగు బిడ్డా. నా ఎంగిలి లోపలికి వోతే నీ ఊంచుడు బందైతది. దాని దవడలు వట్టుకోవ్వా!"

దోసిట్లో జర్దా తునకలు తేలుతున్నాయి. బుచ్చవ్వ చెయ్యి ముందుకు పోయేలోపే ప్రవీణ లేచి ఆ దోసిలిని తోసేసింది. నీళ్లు కొమురెల్లి ధోవతి మీదే పడ్డాయి.

"నీ ఎంగిలి నువ్వే మింగు! థూ!" అంటూ పిల్లను చంకనేసుకుని రోడ్డు దాకా పరుగెత్తింది.

రోడ్డు పక్కన నవ్య భళ్లున వాంతి చేసుకుంది. తల్లి చీర కూడా తడిసింది. ప్రవీణ సీసాలోని నీళ్లతో ఆ ముఖం కడుగుతుంటే, పిల్ల రెండు చేతులతో తన మూతిని పట్టుకుని పీకుతున్నట్టు లాగింది.

"మమ్మీ, నా నోరు మస్తు రోతగున్నది. దవాఖానల చెప్పి తీసేపియ్యి మమ్మీ."

ప్రవీణ చేతిలో సీసా ఆగిపోయింది. తనకు రోత పుడితే చెయ్యి కడుక్కుని పక్కకు జరగొచ్చు. ఈ పిల్ల ఎటు జరుగుతుంది? ఇన్నాళ్లూ ఒద్దు ఒద్దు అనడమే తప్ప, ఎందుకని ఒక్కసారైనా అడగలేదే అనుకుంది. అప్పుడు అడిగింది. నవ్య తల అడ్డంగా ఊపింది. "చెప్తే ఐతది," అంది. ఏమవుతుందో చెప్పలేదు.

సెంటర్‌కు టిఫిన్‌కొచ్చే ఒక నర్సు ద్వారా శ్రీశైలం జగిత్యాలలో డాక్టర్ ఎక్కడుంటారో కనుక్కున్నాడు. పిల్లల మనసుకు వైద్యం చేసే ఆ డాక్టరు పేరు లీల. ముగ్గురూ వెళ్లారు. గదిలోకి అడుగుపెట్టగానే నవ్య బుగ్గలు నిండాయి. డాక్టరు ఒక ట్రే ముందుకు జరిపి, "ఉమ్మి, నిమ్మళంగ చెప్పు. తొందరేం లేదు," అంది. పిల్ల ఉమ్మింది. డాక్టరు ముఖంలో ఏ మార్పూ రాలేదు. ప్రవీణ చూపు మాత్రం గోడ మీదికి తిరిగింది.

"మింగితే ఏమైతది నవ్యా?"

నవ్య ట్రే అంచును గోటితో గీరింది. తర్వాత, "తిట్టు వస్తది," అంది.

"యాడికి?"

"మనసులకు. దేవునికి మొక్కితె గూడ వస్తది. గప్పుడు మింగితే గది లోపలికి వోతది. లోపలికి వోతే డాడీ బండి లారీకి గుద్దుకుంటది." ఒక్క క్షణం ఆగి, తల్లి వైపు చూడకుండా అంది, "మమ్మీ సచ్చిపోతది. సిరిసిల్లల మమ్మీ గూడ చెప్పింది."

శ్రీశైలం తల వంచుకున్నాడు. ప్రవీణకు హాలు వెనక తనన్న మాట, ఆ వెంటనే ఎండిన నోటితో తూతూమంటూ ఉమ్మిన పిల్ల కళ్లముందు ఆడాయి. ఇంటిల్లిపాదినీ కాపాడుకోవడానికి ఉమ్ముతున్న పిల్లనా తను కొట్టింది!

"దీన్ని ఓసీడీ అంటరమ్మా," అంది డాక్టరు. "గాలి సోకుడు కాదు, మొండితనం కాదు. మీ పెంపకం తప్పూ కాదు. ఆమెకు భయం వస్తది, ఉమ్మితే కొంచెం తగ్గుతది, అందుకే మళ్లీ ఉమ్ముతది. భయం వచ్చినా కొద్దిసేపు ఆగుడు నేర్పుదాం. కొట్టొద్దు. అడిగినప్పుడల్లా ఏం కాదని ఒట్లు కూడా వెయ్యొద్దు. టైం పడుతది, వస్తుండాలె."

శ్రీశైలం పిల్లను బయటికి తీసుకుపోయాక ప్రవీణ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"మేడం, నాకు నా బిడ్డను ముట్టుకుంటే రోతైతుంది. ఇయ్యాల గూడ అయింది. నేను తల్లినేనా?"

"రోత ఒక్కపారి పోదు. పోయేదాక ఆగి దగ్గరికి తీస్కుంటనంటే ఆ పిల్ల ఎన్నాళ్లు చూడాలె?" అంది డాక్టరు.

ఇంటికొచ్చాక కొమురెల్లి మాట ఎత్తి, "నా కాళ్లిరగ, నేనే తీస్కపోతి," అని బుచ్చవ్వ కళ్లొత్తుకుంది. చాప మళ్లీ తల్లి పక్కకు వచ్చింది. తెల్లారి లేస్తే ప్రవీణ భుజం తడిగా ఉండేది. వెంటనే లేచి కడుక్కోవాలనిపించేది. పిల్ల లేచేదాకా పళ్లు బిగబట్టి పడుకునేది. ప్రేమ పొంగిందని చెప్తే అబద్ధమే అవుతుంది. చాలారోజులు రోతే పొంగింది.

నేర్పడం కూడా తిన్నగా సాగలేదు. కొన్ని రోజులు బాగుండేది, మళ్లీ దిండు కింద తడి. ఒకసారి విసిగిపోయి ప్రవీణ చెయ్యెత్తింది కూడా, ఎత్తి దించుకుంది.

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, శ్రీశైలం శనగపిండి కోసం బండి మీద బజారుకు బయల్దేరాడు. బండి సందు మలుపు తిరగగానే గడప మీద కూర్చున్న నవ్య బుగ్గలు ఉబ్బాయి. లోపల గిరాకీ ఉంది. ప్రవీణ పొయ్యి తగ్గించి వచ్చి పక్కన కూర్చుంది.

"వచ్చిందా?"

పిల్ల తలూపింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తడి చేత్తో తల్లి చెయ్యి పట్టుకుంది. జిగట తగిలి ప్రవీణ ఒళ్లు గగుర్పొడిచింది. అయినా ఆ చేతిని వదలలేదు. ఏం కాదు అనలేదు. లోపలి నుంచి ఎవరో చట్నీ అని కేకేశారు. "జరాగు అన్నా!" అంది తను, అక్కడే కూర్చుని.

నవ్య గొంతు కదిలింది. మింగింది. భయంతో సందు చివరికి చూసింది. మళ్లీ నోరూరింది, మళ్లీ మింగింది. శ్రీశైలం ఇంకా రాలేదు. పిల్ల ఏడుపు దానంతటదే సన్నబడింది. కొంతసేపటికి లేచి లోపలికి వెళ్లి, నోరు పుక్కిలించకుండానే ఒక బోండా తుంచి నోట్లో పెట్టుకుంది.

"మమ్మీ, ఉప్పెక్కువైంది," అంది నములుతూ.