మొదటి ట్రిప్పు

కొట్టండి, ఇంకా కొట్టండి, కొడితే చేపలు లేచొస్తాయా, తెల్లటి కడుపులు పైకి తిప్పుకొని నీళ్లు పొర్లే మత్తడి దాకా తేలుతున్నాయి, అందరి చేతులూ మాత్రం అకీల్ మీదే, జనగామ నుంచి చేపపిల్లలు తెచ్చి చెరువులో వదిలింది వాడు కాబట్టి చావు కూడా వాడే తెచ్చాడట, కాలర్ పట్టుకున్నది మా అన్న జైపాల్, అందరికన్నా పెద్ద గొంతు ఆయనదే, ఏం కలిపినవ్‌రా నీళ్లల్ల, చెప్తవా, బండి తగలవెట్టాల్నా, అల్లా కసం అన్నా, నిన్నటిదాంక మంచిగనే ఉండె, నీళ్లు వాసన చూడుండ్రి జర, నోట్లో నెత్తురుతో అకీల్, వాడి మీద నాకు జాలేం లేదు, మా తండా ఆడవాళ్ల మాటను వెక్కిరించి నవ్విన నోరే అది, అయినా వంగి దోసిట్లో నీళ్లు తీశాను, కాలిన టైరు వాసన.

ఇదెక్కడిది మళ్లీ, పాత టైర్లు కరిగించే ఫ్యాక్టరీ మూతపడింది, వాళ్లు వదిలిన నల్లజిడ్డు అడుగున పేరుకొని చేపల్ని చంపుతోందనే కదా ఎండాకాలం చెరువు ఎండగట్టి, గట్టినేల తగిలేదాకా మట్టి ఎత్తించారు, చిట్యాల అవతల ప్లాస్టిక్ పరిచిన గుంతలో పూడ్చమని ఆఫీసు సార్లు మరీ మరీ చెప్పారు, మట్టి తోలే ట్రాక్టర్లు మా అన్నవి, అంతదూరం ఎవడు పోతడు అని గొణిగిన అన్నే మర్నాడు నవ్వుతూ మా వాకిట్లో, చెల్లే, చెరువుమట్టి ఏటా చేన్లకు తోలుకుంటలేమా, మొదటి ట్రిప్పు నీకే, పత్తి ఎట్ల లేస్తదో చూడు, నేను పొంగిపోయి చాయ్ పెట్టాను, మొదటిదే కాదు, ఆ తర్వాతవన్నీ నా చేనుకే వచ్చాయి, మొలకలు మాడితే విత్తనాలమ్మినోణ్ణి తిట్టాను, మట్టిని అనుమానించలేదు, చేను చెరువుకు ఎగువన, రాత్రి కుండపోత వాన, పొద్దున గట్టు తెగి నల్లటి పాయలు కిందికి దిగిన జాడ, దాన్ని తొక్కుకుంటూనే ఇక్కడికి వచ్చాను.

అన్న నా దోసిలి చూశాడు, గొంతు తగ్గింది, నువ్వు ఇంటికి పో చెల్లే, ఆడోళ్లకేం పని ఈడ, ఎవడో పెట్రోలు సీసా తెచ్చాడు, అకీల్ బండి కింద కూర్చుండిపోయాడు, నోరు తెరిస్తే తీజ్ పండక్కి నన్ను పిలిచే గడప ఉండదు, వదిన ఉమ్మేస్తుంది, ఉమ్మనీ, పుట్టింటి పెట్టుపోత అని మురిసిన మట్టి, అన్న తన పాపం దాచుకోడానికి నా చేను ఎంచుకున్నాడు, నేనైతే అడగనని, దోసిట్లో నీళ్లు అన్న మొహాన కొట్టాను, వాణ్ణి ఇడువుండ్రి, చెరువును చంపింది ఈడు, నా తోడబుట్టినోడు, జైపాల్.