మేడ మీద అరగంట

"నాలుగు బట్టలారేయడానికి అంతసేపా? నూలు వడికి, నేసి, అప్పుడు ఆరేస్తున్నావా ఏమిటే?" అని అత్తగారు మెట్ల కింద నిలబడి అడగని రోజు లేదు. కోడలు పైనుంచి "వస్తున్నానత్తయ్యా" అంటుంది, రాదు.

నిజానికి బట్టల పని ఎంతని? దులపడం, క్లిప్పులు పెట్టడం చేతులే చూసుకుంటాయి. ఆ తర్వాత ఆమె ఖాళీ బకెట్ బోర్లించి కూర్చుంటుంది. పిట్టగోడ అవతల పక్కింటివాళ్ల పెద్ద చెట్టు, దాని వెనక కొండ. ఆమె పనిచేసే ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్కలు కోసి పంచేది ఆమే. "ఆడవాళ్లు కోస్తే ముక్కలు సమంగా వస్తాయి" అంటాడు మేనేజరు. అతని లెక్కల్లో తప్పులు దిద్దేదీ ఆమేనని మాత్రం ఎన్నడూ అనడు. ఆ ఉక్రోషంతో కుతకుతలాడుతూ పైకొస్తే, కొమ్మ మీద పిట్టల జంట పిల్లల నోళ్లలో పురుగులు పెడుతూ కనిపిస్తుంది. ఒకటి వెళ్తే ఇంకొకటి వస్తుంది. 'మీ ఇంట్లో వంతులున్నాయన్నమాట' అని నవ్వుకుంటుంది. కొండను కాసేపు చూస్తే మేనేజరు ఆవగింజంత అయిపోతాడు. అప్పుడిక ఎవరి మీదా కోపముండదు. ఆ అరగంటంటే ఆమెకు ప్రాణం.

అయితే ఆలస్యానికి ఏదో ఒకటి చెప్పాలిగా. అందుకని మెట్లు దిగుతూ నడుం పట్టుకుని "అబ్బా" అనేది. అదే కొంప ముంచింది. ఆదివారం భర్త బట్టలారబెట్టే మిషన్ తెప్పించాడు.

"ఇక నువ్వు మేడెక్కే పనే లేదు. నీ నడుం నొప్పి నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు మొహమంతా వెలిగిపోతూ.

పాపం, మంచివాడు. అందరూ మిషన్ చుట్టూ చేరి మురిసిపోతుంటే ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు సాయంత్రం బట్టలు మిషన్లో తిరుగుతున్నాయి. ఆమె వంటింట్లోంచి వచ్చి, ఒట్టి చేతులతో మెట్లవైపు నడిచింది.

"పైనేం పని?" అన్నాడు భర్త.

"పనేం లేదండీ. కాసేపు చెట్టూ కొండా చూసొస్తాను. రోజూ వెళ్లేది అందుకే. నడుం నొప్పి అబద్ధం."

అతను తెల్లమొహం వేశాడు. "ముందే చెప్తే మిషన్ కొనేవాణ్ణి కాదుగా."

"కొన్నారు కాబట్టే చెప్పాల్సొచ్చింది. స్టవ్ మీద పాలున్నాయి, పొంగకుండా చూడండి."

మొదటి మెట్టు ఎక్కిందో లేదో, వెనక నుంచి అత్తగారు "ఆగు" అన్నారు. ఇక మొదలు, అనుకుని తిరిగి చూసింది. ఆవిడ గోడ పట్టుకుని చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటున్నారు.

"చెయ్యివ్వవే. బట్టల పని నీకప్పగించాక, పైకి రావడానికి నాకు వంకే లేకుండా పోయింది."