తోక ముక్కలు

సినిమాలో హంతకుణ్ణి పట్టుకోవడంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద పుట్టలేదు. చిన్నప్పుడు మా పల్లెకి డేరా సినిమా వస్తే, తెరమీద ఇంకా పేర్లు పడుతుండగానే "చంపింది ఆ మీసాలవాడే!" అని అరిచాను. జనం అప్పుడే లేచి, చెప్పులు వెతుక్కుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి డేరా యజమాని నన్ను గేటు దగ్గరే ఆపి, చేతిలో సోడా పెట్టి, "బాబ్బాబు, నువ్వు ఆఖర్న రా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలేవాడు. అలాంటి కన్ను నాది. ఆ కన్ను ఏం వెలగబెట్టిందో తర్వాత చెబుతాను. ఇది మా కోడలి కథ. మధ్యాహ్నాలు బట్టలు మడతపెడుతూ ఆమె నాకు చెప్పుకున్నది. ఉప్పూ కారం మాత్రం నావి.

ఆమె కథ తాళాలతో మొదలవుతుంది. పొద్దున్నే పాలు కాచి, అందరికీ కాఫీలిచ్చి, మా ఆవిడ మోకాళ్ళకి మందు రాసి, డబ్బాలు సర్ది, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, తలుపు పక్కనున్న కొక్కేనికి చెయ్యి చాపేది. తాళాలు ఉండేవి కావు. సంచీ బోర్లించేది. వంటింట్లోకి పరిగెత్తేది, పడగ్గదిలో దిండ్లు ఎత్తి చూసేది. తిరిగొచ్చేసరికి ఆ తాళాలు కొక్కేనికే బుద్ధిగా వేలాడుతుండేవి. "అక్కడే ఉన్నాయి కదోయ్," అనేవాడు మావాడు, పేపర్లోంచి తలెత్తకుండా. ఆ గొంతులో కోపం ఉండేది కాదు, జాలి ఉండేది. కోపగించుకుంటే ఎదురు చెప్పొచ్చు, జాలిపడితే ఏం చేస్తాం మామయ్యా, అంది ఓసారి. తర్వాత గ్యాసు. కట్టేశానని ఆమె ఒట్టేసి చెప్పగలదు. సాయంత్రం వచ్చేసరికి "నువ్వు వెళ్ళాక కూడా సన్నగా మండుతూనే ఉంది, నేను చూశాను కాబట్టి సరిపోయింది" అనేవాడు. మా ఆవిడ అందుకునేది: "మా అబ్బాయి కాబట్టి భరిస్తున్నాడమ్మా. ఇంకొకడైతే ఈపాటికి పుట్టింటికి పంపేవాడు." నేను మాత్రం తక్కువ తిన్నానా? 'మరపురాణి' అని పేరు పెట్టాను. పిలిచినప్పుడల్లా నవ్వేది. ఆ నవ్వు ఎంత బరువో నాకేం తెలుసు!

మా కోడలు ఎడిటరు. ఓ స్టూడియోలో పనిచేసేది. తీసిన సినిమాలో ఏ ముక్క ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఒక ముక్కకి మరో ముక్క ఎక్కడ అతకాలి, అదీ ఆమె పని. ముందు షాట్లో కప్పు చెవి కుడివైపు ఉండి తర్వాతి షాట్లో ఎడమవైపు ఉంటే, వందమంది చూడనిది ఆమె పట్టేసేది. అంతటి మనిషి ఒకరోజు ఆఫీసు హార్డ్ డిస్కు పోగొట్టుకుంది. ఇల్లంతా తిరగేశాక మా ఫ్రిజ్‌లో, కూరగాయల అరలో దొరికింది. ఆమె ముఖం చూడాలి. కప్పు చెవి గుర్తుండే తల ఇది, డిస్కుని టమాటాల పక్కన పెట్టిందా? ఆ వారమే ఉద్యోగం మానేసింది. "మంచిపని చేశావు. ఇంట్లోనే ఉండు, తల కాస్త నెమ్మదిస్తుంది. ఖాళీగా ఉండలేవు కాబట్టి నా సినిమా కట్ చేసిపెట్టు," అన్నాడు మావాడు. జీతం ఊసెత్తలేదు. ఇంట్లో మనిషికి జీతమేమిటి?

మావాడు సినిమా బడిలో పంతులు. కెమెరా ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో పిల్లలకి చెబుతాడు. వాడు తీసింది చిన్న సినిమా, మనసు మీద ఆడే భయం సినిమా. ఒంటరిగా ఇంట్లో ఉన్న ఒకావిడకి వస్తువులు చోటు మారుతున్నట్టు అనిపిస్తుంది. ఎవరో ఇంట్లో దాక్కున్నారని వణికిపోతుంది. చివరికి తేలేదేమిటంటే, అన్నీ జరిపింది ఆవిడే, మతి చెదిరింది. సినిమా అంతా మా వంటింట్లోనే, మా గుమ్మం దగ్గరే తీశాడు. నటికి టీలు, కెమెరా కుర్రాళ్ళకి భోజనాలు మా కోడలే చూసింది. ఆ తర్వాత అంట్లు తోమి, బట్టలు ఆరేసి, మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చునేది. నేనూ ఓ కుర్చీ లాక్కునేవాణ్ణి.

"మామయ్యా, కథ చూడకండి. కెమెరా ఎక్కడుందో చూడండి. ఈ కన్ను ఎవరిదీ అని అడగండి," అనేది.

"దేవుడిదేమో. పైనుంచి చూస్తోంది కదా."

"దేవుడు మన డబ్బాల అరలో ఎందుకు కూర్చుంటాడు?"

నిజమే. సినిమాలో సగం షాట్లు వంటింటి పై అరలోంచి, డబ్బాల సందులోంచి తీసినవి. ఆడమనిషి కంగారుపడితే ఎటు తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసినట్టు కెమెరా ఆ చోటునే కాపు కాసేది. "ఎంత బాగా పట్టుకున్నారండీ!" అని మొగుణ్ణి మెచ్చుకుంది కూడా. ముగింపు మాత్రం ఆమెకి గొంతు దిగలేదు. "అన్నీ ఆవిడే చేసిందనడం అబద్ధంలా ఉందండీ," అంటే, "నీకు కట్ చెయ్యడం తెలుసు, సైకాలజీ తెలీదు," అని తీసిపారేశాడు.

ఆ నటి వెతికే తీరు మా కోడల్ని వదల్లేదు. కుడిచెయ్యి మెడ మీదికి పోతుంది. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటుంది. కట్టేసి ఉన్న గ్యాసు మీట దగ్గరికి వెళ్ళి మళ్ళీ తిప్పి చూస్తుంది. ఈ మనిషిని ఎక్కడో చూశాను, ఎక్కడ? అనుకుంటూ, ఒక మధ్యాహ్నం లేచి వంటింట్లోకి వెళ్ళింది; గ్యాసు కట్టేశానా లేదా చూద్దామని. దారిలో ఉన్న బీరువా అద్దంలో తన కుడిచెయ్యి మెడ మీద కనిపించింది.

వెనక్కి వచ్చి కూర్చుంది. ఎడిటర్లలో రెండు రకాలుంటారట. దర్శకుడు 'కట్' అన్నాక కెమెరాలో మిగిలిన తోక ముక్కల్ని, పనికిరాని టెస్టుల్ని చూడకుండా పారేసేవాళ్ళు ఒక రకం. మా కోడలు రెండో రకం. నటుల అసలు ముఖాలు తోకల్లోనే దొరుకుతాయని ఆమె నమ్మకం. తోకల్ని ఎవరు చూస్తారులెమ్మని, మావాడు కెమెరా కార్డులో ఉన్నదంతా ఒకేసారి దిమ్మరించి ఇచ్చాడు. అందులో టెస్టు అని ఒక ముక్క. అదే పై అర, అవే డబ్బాలు. దూరంగా గుమ్మం, కొక్కెం. నటి లేదు. మా కోడలే ఉంది. ఖాళీ కొక్కేన్ని తడిమి, సంచీ బోర్లించి, పడగ్గదిలోకి పరిగెత్తింది. ఫ్రేములోకి పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. తాళాలు కొక్కేనికి తగిలించి, తొందరేమీ లేకుండా వెనక్కి వెళ్ళింది. వేలికి ఉంగరం, పెళ్ళికి నేను చేయించినదే, అంచు విరిగిన పచ్చరాయి. కాసేపటికి తాను తిరిగొచ్చింది. తాళాలు చూసింది. తన నెత్తిన తానే ఒక్కటి మొట్టుకుని, సిగ్గుపడుతూ నవ్వింది.

ముందు సంతోషం వేసిందట ఆమెకి. సంతోషం! నా మతి పోలేదు, నేను గ్యాసు కట్టేశాను, కట్టేశాను, ప్రతిసారీ కట్టేశాను అని, లేచి గదిలో గిరగిరా తిరగాలనిపించిందట. ఆ సంతోషం కిటికీదాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. అయితే ఆ జాలి ఏమిటి, అనుకుందట. పేపర్లోంచి తలెత్తని ఆ తల ఏమిటి? డిస్కు దొరికిన రాత్రి నేను ఏడుస్తుంటే వీపు నిమిరిన ఆ చెయ్యి, ఈ చెయ్యే కదా. నిమురుతూ నా ఏడుపుకి ఏ లెన్సు సరిపోతుందో చూసుకుంటోందా? ఇంకో ఆడదాన్ని ప్రేమించి ఉంటే తిట్టుకునేదాన్ని, ఆవిడ ముఖం ఊహించుకుని ఏడ్చేదాన్ని. ఈయన నన్నే వాడుకున్నాడు. నా భయాన్ని నా ఇంట్లో నాటి, నీళ్ళు పోసి, కాయ కాశాక కోసి ఇంకొకావిడకి ఇచ్చాడు. ఇలా వెతుకు, ఇలా మెడ తడుముకో అని. చివరికి ఆ ముక్కలన్నీ అతికిపెట్టమని నా చేతికే ఇచ్చాడు. అదీ ఊరికే. నేనేమో కెమెరా బాగా పెట్టారని మెచ్చుకున్నాను. ఏ షాటు చూసినా ఈ కన్ను ఎవరిదీ అని అడిగేదాన్ని, నా ఇంట్లో నన్ను చూస్తున్న కన్ను గురించి అడగలేదు.

ఆ సాయంత్రం మావాడు రాగానే టీ ఇచ్చింది. గ్లాసు అందుకున్న చేతిని చూసింది.

మావాడి బడిలో ప్రదర్శన పెట్టారు. సినిమా వేసి, కెమెరా పనితనం గురించి, కూర్పు గురించి వాడే విడమరిచి చెబుతాడని బోర్డు కట్టారు. ఆ ఉదయం గడ్డం గీసుకుంటూ, "ఆఖరి కాపీ తీసి సంచీలో పెట్టావా? ఈసారైనా మర్చిపోకు," అన్నాడు.

"మర్చిపోనండీ," అంది.

మా ముసలాళ్ళిద్దరినీ ముందు వరసలో కూర్చోబెట్టారు. దీపాలార్పారు. ఇక నా కన్ను సంగతి. పేర్లు పడుతుండగానే మా ఆవిడ చెవిలో, "గ్యాసుబండ తెచ్చేవాడే దొంగ, రాసిపెట్టుకో," అన్నాను. పాపం, వాడు బండ దించేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. నెలల తరబడి నా కంచం ఎదుట కూర్చుని తిన్నవాణ్ణి పట్టుకోలేని కన్నండీ ఇది. డేరా సినిమా మీసాలవాడు ఓ లెక్కా?

మావాడి ముగింపు రాలేదు. దాని చోట ఆ టెస్టు ముక్క వచ్చింది, మొదటినుంచి చివరిదాకా, ఒక్క కట్ లేకుండా. చెయ్యి వచ్చింది, తాళాలు తగిలించింది, వెళ్ళింది. మా కోడలు నెత్తిన మొట్టుకుని నవ్వింది. తెర నల్లబడింది. హాలు చప్పట్లతో పగిలిపోయింది.

వేదిక మీద మావాడి ముఖం సున్నం కొట్టినట్టుంది. ఒక విద్యార్థిని లేచింది. "సార్, చివరి షాట్ అద్భుతం. కానీ ఆ పైనుంచి చూసే కన్ను ఎవరిది సార్? ఆ చెయ్యి ఎవరిది?"

"అది... ప్రేక్షకుల ఊహకి వదిలేశాను."

"ఎడిటర్ ఎవరు సార్? పేరు వెయ్యలేదు."

"ఇంట్లో మా ఆవిడ కాస్త సాయం చేసిందిలెండి."

మా కోడలు లేచి నిలబడింది. మైకు ఇవ్వబోతే వద్దంది. "నేనే ఎడిటర్ని. చివరి షాట్‌లో ఉన్నదీ నేనే. అది నటన కాదు. ఆ చెయ్యి ఆయనది."

మావాడు నవ్వాడు. అలవాటైన జాలి గొంతులోకి వచ్చేసింది. "ఏమనుకోకండి. మా ఆవిడకి కాస్త మతిమరుపు..."

ఎవరూ నవ్వలేదు. ఇప్పుడే చూశారు కదా.

ఇంటికొచ్చాక వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, వాదించాడు. "అది రీసెర్చ్. నీకు ముందే చెబితే నటన అయిపోయేది. నిన్ను నమ్మినంతగా ఏ నటినీ నమ్మలేదు తెలుసా?" మా ఆవిడ, "నలుగురిలో మొగుడి పరువు తీస్తావా? ఇంట్లో అడిగితే పోయేదిగా!" అంది. "ఇంట్లో అడిగితే 'నీకే గుర్తులేదు' అనేవారు అత్తయ్యా," అంది కోడలు.

మర్నాడు మధ్యాహ్నం ఒక పెట్టె, తన కంప్యూటరు సర్దుకుంది. స్టూడియోవాళ్ళు రమ్మన్నారు, ఉండటానికి ఓ గది చూసుకుంది. "అయితే మరపురా..." అని నేను నోరు జారబోయాను. "ఆ పేరు వద్దు మామయ్యా," అంది, మెత్తగానే. గుమ్మం దగ్గర ఆగి, తాళాలు కొక్కేనికి తగిలించింది. "ఇక్కడే పెట్టాను. చూశారుగా?"

"చూశానమ్మా."

వెళ్ళిపోయింది. కథ అయిపోయింది, నా ఉప్పూ కారం సంగతి ఒక్కటి మిగిలింది. ఆ ఉంగరం అబద్ధం. మావాడికి నేను ఉంగరమూ చేయించలేదు, పచ్చరాయీ లేదు. తెరమీద కనిపించింది ఒట్టి చెయ్యి. ఏళ్ళ తరబడి టీ గ్లాసు అందుకున్న చేతిని గుర్తుపట్టడానికి ఆమెకి ఏ రాయీ అక్కర్లేకపోయింది. ఆమె చెబితే మీరు నమ్మరేమోనని, సాక్ష్యానికి నేనే ఉంగరం తొడిగాను. ఇప్పుడు తీసేశాను. మిగిలింది ఆమె మాట ఒక్కటే. చాలుతుందా?