పక్క సీటు పని

ఫెర్నాన్ లవోయి మీద అతని భార్య లిజెట్‌కున్న ఫిర్యాదులన్నీ చెప్పాలంటే ఒక చలికాలం చాలదు. ఒక్కటి చెప్పుకుందాం. ఆమె పంతొమ్మిదేళ్ళు బడిబస్సు నడిపింది. క్యుబెక్‌లోని వాళ్ళ ఊళ్ళో, మోకాలి లోతు మంచులో, వెనక నలభై ఎనిమిది మంది పిల్లలు అరుస్తుండగా. బస్సు మీద ఒక్క గీత పడలేదు. ఆ ఉద్యోగంలో చేరిన రోజున అత్తగారు, "బస్సు సరేనమ్మా, మరి మావాడికి సాయంత్రం సూపు ఎవరు కాస్తారు?" అంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సూపు కూడా లిజెటే కాచింది. ఇంతా చేసి, ఏటా చలికాలానికి ఫ్లోరిడా వెళ్ళే, వంటా పడకా లోపలే ఉండే క్యాంపర్ బండిలో మాత్రం పదకొండేళ్ళుగా ఆమెది పక్క సీటే. ఎందుకంటే, "బస్సు ముందుకే పోతుంది కదా లిజెట్! వెనక్కి నడపడమే అసలు డ్రైవింగు," అంటాడు ఫెర్నాన్.

ఈ ఏడాది ఆగస్టులో కంటి డాక్టరు ఏదో కాగితం రాశాడు, ప్రభుత్వం వాళ్ళు ఫెర్నాన్ లైసెన్సు తీసేసుకున్నారు. ఎడమ కన్ను దాదాపు పోయింది. మూడు రోజులు ఇంట్లో ఎవరో చనిపోయినట్టు కూర్చున్నాడు. నాలుగోనాడు కాఫీ తాగుతూ ప్రకటించాడు. "సరే, స్టీరింగు నువ్వు పట్టుకో. నడిపేది మాత్రం నేనే, నోటితో. ఫ్లోరిడాలో మన గాయెటాన్ వాళ్ళకి ఒక్క ముక్క తెలియకూడదు."

నవంబరులో బయల్దేరారు. ఇంట్లో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఖాళీ చేసిందీ, ఫ్రిజ్ కడిగిందీ, పిల్లికి టీకా కాగితాలు తెచ్చిందీ లిజెట్. టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగూ ఉన్నాయని తేల్చింది ఫెర్నాన్. పిల్లి పేరు నోటరీ. నల్ల కోటూ తెల్ల చొక్కా వేసుకున్నట్టుంటుంది, ఎవరిదో వీలునామా చదవబోతున్నట్టు మొహం పెడుతుంది. బండి కదిలిందంటే పక్క సీట్లో ఎవరుంటే వాళ్ళ ఒళ్ళోనే. వేరే ఎక్కడా ఉండదు.

పక్క సీటంటే విశ్రాంతి అని లోకం అనుకుంటుంది. లిజెట్ కూడా పదకొండేళ్ళు అలాగే అనుకుంది, అలసిపోయి దిగినప్పుడల్లా తనలోనే ఏదో లోపముందనుకుంది. స్టీరింగు వెనక కూర్చున్నాక తెలిసింది తనక్కడ ఏం చేసేదో. కమలాపండు తొన తీసి గింజలు ఏరి నోటికందించడం. కాఫీ ఒలక్కుండా మూత తిప్పి ఇవ్వడం. టోలుకి చిల్లర లెక్కపెట్టి అరచేతిలో సిద్ధంగా ఉంచుకోవడం. కుడివైపు ఎవరూ లేరని చెప్పడం, ఉంటే ఉన్నారని చెప్పడం, రెండిటికీ "నాకు తెలుసు" అనిపించుకోవడం. దారి తప్పితే తప్పు ఒప్పుకోవడం, తప్పకపోతే మొగుడి తెలివిని మెచ్చుకోవడం. అతను నిద్రపోకుండా కబుర్లు చెప్పడం, విసుక్కుంటే ఆపడం. వెనక వంటగదిలో గిన్నె కదిలిన చప్పుడైతే నడుస్తున్న బండిలో గోడలు పట్టుకుని వెళ్ళి సర్దిరావడం. ఇన్నీ చేస్తూ ఒళ్ళో పిల్లిని కదలకుండా ఉంచడం. దీనికి జీతం లేదు సరికదా, పేరు కూడా లేదు. పేరుంటే కనీసం మానేస్తానని చెప్పొచ్చు.

ఇప్పుడా ఉద్యోగం ఫెర్నాన్‌కి వచ్చింది. మొదటి గంటలోనే కాఫీ సగం గేరు మీద పోశాడు. కమలాపండు తానే తినేశాడు. న్యూజెర్సీలో తిరగాల్సిన చోట గుర్రుపెట్టి నిద్రపోయాడు. వర్జీనియా చేరేసరికి నోటరీ అతని తొడ మీద పొద్దున్న తిన్నదంతా కక్కింది.

"లిజెట్! లిజెట్! పిల్లి!"

"నేను బండి నడుపుతున్నా," అంది లిజెట్.

ఆ మాట నోట్లో బెల్లంముక్కలా ఉంది. పదకొండేళ్ళుగా అతను దేనికైనా ఇచ్చిన జవాబు అదే. ఇంత తియ్యగా ఉంటుందని ఒక్కనాడైనా చెప్పాడా, దొంగ మనిషి!

అయితే మొదటి రాత్రి, క్యాంపర్లు ఆపుకునే మకాం గేటు కనబడగానే, "ఆపు, సీట్లు మారదాం," అన్నాడు. "లోపల జనం ఉంటారు." ఆమె ఆపింది. నలభై నాలుగేళ్ళ కాపురపు అలవాటు కదా, కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. దిగి వెనక నిలబడి చేతులూపింది. అతను బండిని వెనక్కి పోనిచ్చి నీళ్ళ కుళాయిని గుద్దాడు. "నువ్వు సరిగ్గా చూపించలేదు," అన్నాడు. రెండో రాత్రి, దక్షిణ కరోలినాలో, ఆమె ఎడమ పక్కన పైన్ చెట్టు ముందు నిలబడి ఆగమని రెండు చేతులూ ఎత్తింది. బండి ఆగలేదు. చెట్టుకి వీపు ఆనింది, బంపరు కోటు బొత్తాలకి తగిలింది, ఆమె పెట్టిన కేకకి మకాంలో కుక్కలన్నీ మొరిగాయి. అప్పుడాగింది.

ఫెర్నాన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అరుస్తావేంటి? అద్దంలో కనబడేలా నిలబడాలి కదా!"

"కనబడేలానే నిలబడ్డాను."

"మరి నాకు కనబడలేదే!"

ఈ మాటలో ఉన్న నిజం అతనికి తట్టలేదు. మర్నాడు జార్జియా దాటుతున్నంతసేపూ లిజెట్ దాని గురించే ఆలోచించింది. తను చెట్టుకీ బండికీ మధ్య అప్పడమైపోయినా, గాయెటాన్ దగ్గర ఇతను చెప్పబోయేది ఒకటే: సరిగ్గా నిలబడలేదు. తను బతకడమూ అతని పరువు నిలవడమూ ఒకే అద్దంలో పట్టవు, ఏదో ఒకటే కనబడుతుంది. ఇన్నాళ్ళూ తను పరువువైపు నుంచి చేతులూపింది. ఇంకోసారి బండి దిగి వెనక నిలబడితే తన చావుకి తనే దారి చూపించినట్టు.

అంతలో ఫెర్నాన్ ఫోను తీశాడు. "గాయెటాన్! ఆ, నడుపుతూనే ఉన్నాన్రా. ఒంటి చేత్తో. నాలుగింటికల్లా వచ్చేస్తాం. లిజెటా? పిల్లిని పట్టుకుని కూర్చుంది పాపం." అతని ఒళ్ళో నోటరీ ఆవలించింది.

ఫ్లోరిడాలో వాళ్ళు దిగే మకాంలో అందరూ క్యుబెక్ వాళ్ళే. సాయంత్రం నాలుగింటికి మగవాళ్ళు మడతకుర్చీలు వరసగా వేసుకుని, బీర్లు తెరిచి, వచ్చే బండ్లు తమ స్థలంలోకి వెనక్కి వెళ్ళడాన్ని చూస్తారు. మార్కులు వేస్తారు. ఆ వరసలో ఫెర్నాన్‌కి పదకొండేళ్ళ పేరుంది.

మకాంకి కాస్త ముందు కమలాపళ్ళ దుకాణం రాగానే, "ఇక్కడాపు, సీట్లు మారదాం," అన్నాడు.

లిజెట్ దుకాణాన్ని చూసింది, అద్దం చూసింది. ఆపలేదు.

"దాటిపోయావు!"

"అవును."

"వెనక్కి తిప్పు! లిజెట్, అందరూ చూస్తారు!"

"చూడనీ. కుర్చీలు వేసుకుంది అందుకేగా."

"నేను దిగిపోతా!"

"దిగాలి మరి. వెనక నిలబడి చేతులూపేది ఎవరు?"

గేటు దాటారు. వరసలో బీరు సీసాలు గాల్లోనే ఆగిపోయాయి. ఫెర్నాన్ దిగి వెనక్కి వెళ్ళాడు, కానీ రెండు చేతుల్లో పిల్లి ఉంది, ఊపడానికి చెయ్యి లేదు. అక్కర్లేకపోయింది. లిజెట్ అద్దాలు రెండూ చూసుకుని, ఒక్కసారి స్టీరింగు తిప్పి, బండిని రెండు కొబ్బరిచెట్ల మధ్య సొరుగు మూసినట్టు పెట్టేసింది.

"ఒరేయ్ ఫెర్నాన్!" అరిచాడు గాయెటాన్. "ఏంట్రా ఇది? రిటైరైపోయావా?"

ఫెర్నాన్ నవ్వాడు. "అబ్బే, దారంతా నేనే. ముచ్చటపడిందని ఈ చివరి ఎనిమిది వందల మీటర్లు దానికిచ్చాను."

మగవాళ్ళు తలలూపారు. లిజెట్ ఇంజను ఆపి దిగింది. గాయెటాన్ భార్య రోలాండ్, సలాడ్ గిన్నె చంకన పెట్టుకుని, ఫెర్నాన్‌ని కింది నుంచి పైకి చూసింది. ఆవిడ కూడా ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో ఏదో ఒక కుక్కని మోసిన మనిషే.

"ఫెర్నాన్, నీ ప్యాంటంతా ఆ తెల్ల బొచ్చేంటయ్యా?" అంది. "తొడల నుంచి మోకాళ్ళ దాకా దుప్పటి నేసినట్టుంది. లిజెట్ ప్యాంటు చూడు, కొట్లోంచి తెచ్చినట్టుంది."

అవతల క్యాంపర్లోంచి ఇద్దరు ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. ఫెర్నాన్ పిల్లిని కాస్త కిందికి దించి ప్యాంటు కప్పుకోవాలని చూశాడు.

లిజెట్ ఒక ఖాళీ కుర్చీ లాక్కుని మగవాళ్ళ వరసలో వేసుకుంది. కూర్చుని, గాయెటాన్ పెట్టెలోంచి బీరు తీసుకుంది.

"అంత మాటనకు రోలాండ్," అంది. "రెండు రాత్రులూ గేటు దగ్గర్నుంచి లోపలికి అతనే నడిపాడు. ఒకటిన్నర కిలోమీటరు. అది అతనిదే, నేను ముట్టుకోను."

బండి మీటరు ఇంటి నుంచి ఇక్కడికి రెండు వేల ఆరు వందల ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు చూపించింది. తన నోటితో తనే ఇచ్చేసిన ఎనిమిది వందల మీటర్లూ, ఆమె వదిలేసిన ఒకటిన్నర కిలోమీటరూ తీసేస్తే, ఆ సాయంత్రం పిల్లిని పట్టుకుని నిలబడ్డచోట ఫెర్నాన్ లవోయి పోగొట్టుకున్నది రెండు వేల ఆరు వందల ముప్ఫై అయిదు కిలోమీటర్ల ఏడు వందల మీటర్లు.