తనిఖీ తీసేసిన మధ్యాహ్నం

పొద్దుటినుంచి పట్టిన వాన మధ్యాహ్నమైనా తెరిపివ్వలేదు. ఎగువన ఆనకట్ట గేట్లు సాయంత్రం ఎత్తుతామని కబురొచ్చింది. ఈలోగా ఉలువా నది ఒడ్డునున్న ప్రతి వాడకూ హెచ్చరిక మెసేజ్ వెళ్లాలి. వెళ్లాలంటే ఫోన్ కంపెనీ పంపిన కొత్త నంబర్లన్నీ డేటాబేస్‌లోకి ఎక్కాలి. అవేమో పెళ్లి నడక నడుస్తున్నాయి!

వరద హెచ్చరికల ఆఫీసులో ఆ పని చూసే యామిలేత్ కంప్యూటర్ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. ఒడ్డునే ఉన్న లాస్ గార్సాస్ వాడలో ఆమె తండ్రి నికాసియోకు సైకిళ్ల రిపేరు షాపుంది. పొద్దున ఫోన్ చేసి వచ్చేయమంటే ముసలాయన ససేమిరా అన్నాడు.

"పోయిన నెల నీ మాట విని వాడంతా తిరిగి జనాన్ని లేపాను. చుక్క నీరు రాలేదు. ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతున్నారే! మెసేజ్ రానీ, అప్పుడు కదులుతాం."

అందుకే ఆమె తెర మీంచి కళ్లు తిప్పడం లేదు.

"ఇంకా కాలేదా అమ్మాయ్?" అంటూ ఆఫీసు పెద్ద దోన్ ఎవెలియో వచ్చి వెనక నిలబడ్డాడు. చేతిలో సగం కొరికిన బలేయాద రొట్టె.

"లేదండీ. ఒక్కో నంబరూ విడివిడిగా సేవ్ అవుతోందని, వెయ్యేసి కలిపి పంపాను. నంబర్లు వెతకడానికి పెట్టిన ఇండెక్సులూ తీసేశాను. కొంచెం నయం. ఇక ఆలస్యం చేసేది తనిఖీ ఒక్కటే."

ప్రతి నంబరు పక్కనా దాని వాడ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఆఫీసు వాడల పట్టికలో ఉందో లేదో చూశాకే డేటాబేస్ నంబరును లోపలికి రానిస్తుంది, లేకపోతే అక్కడే ఆగి గోల పెడుతుంది. పోయినేడాది వరదలో ఒక వాడకు మెసేజ్ అందకపోతే, పట్టుబట్టి ఆ తనిఖీ పెట్టింది యామిలేతే.

"తీసెయ్ దాన్ని."

"తీస్తే తప్పుడు కోడ్లు కూడా దూరిపోతాయండీ."

"దూరనీ తల్లీ! నీ తనిఖీ అయ్యేదాకా నది ఆగుతుందా? తర్వాత తీరిగ్గా సరిచేసుకుందువుగాని."

ఆ మాటా అబద్ధం కాదు. పాపం, ఏం చేస్తుంది? తీసేసింది. అంతే, నంబర్లు గబగబా ఎక్కేశాయి. మెసేజ్‌లు వెళ్లిపోయాయి. ఆఫీసంతా చప్పట్లు. తెర మీద తప్పులు లేవని వచ్చింది. ఎందుకుంటాయి, తప్పు పట్టేవాణ్ణే బయటికి గెంటేశాక!

అంతలో పక్క గదిలోంచి ఎవరో అరిచారు. "గేట్లు ముందే ఎత్తేశారట!"

యామిలేత్ తండ్రికి ఫోన్ చేసింది.

"బయల్దేరారా నాన్నా?"

"ఎక్కడికే? మెసేజ్ ఏదీ? అందరం అరుగుల మీద కూర్చుని దానికోసమే చూస్తున్నాం. రాలేదంటే ఏమీ లేదన్నట్టేగా!"

ఆమె గబగబా వాడల పట్టిక తెరిచి చూసింది. వరద తర్వాత పురపాలకులు లాస్ గార్సాస్‌ను రెండు వాడలు చేసి కొత్త కోడ్లు ఇచ్చారు. ఫోన్ కంపెనీ వాటినే రాసింది. ఆఫీసు పట్టికలో మాత్రం పాత కోడే ఉంది; మెసేజ్ వెళ్లేది పట్టికలో ఉన్న కోడ్లకే. తనిఖీ ఉండి ఉంటే సరిగ్గా అక్కడే ఆగి అరిచేది.

"లే నాన్నా! మిట్ట మీదికెక్కండి, గేట్లు ఎత్తేశారు!"

"మెసేజ్ లేకుండానా?"

"ఆ మెసేజ్ పంపేది నేనే! నా చేతులారా నేనే తగలేశాను నాన్నా!"

ఫోన్ పెట్టెయ్యకుండానే నికాసియో పరుగెత్తాడు. సైకిల్ రిమ్ మీద పానాతో బాదుతున్న చప్పుడు వినబడింది. "లేవండ్రా! నీళ్లొస్తున్నాయి!" అని ఆయన కేకలు. వెంటనే జనం నవ్వులు.

"మళ్లీ మొదలెట్టాడ్రా నికాసియో!"

"మెసేజ్ చూపించవయ్యా, వస్తాం!"

"నువ్వైనా పరుగెత్తు నాన్నా!" అని ఆమె ఏడుస్తూ అరిచింది. ఆయన ఫోన్ జేబులో ఉన్నట్టుంది, చప్పుడు ఇంటింటికీ కదులుతోంది. ఆమె కొత్త కోడ్లు రెండూ పట్టికలో చేర్చి, మెసేజ్ మళ్లీ పంపింది.

ఫోన్‌లోంచి వాడంతా ఒకేసారి ఫోన్లు మోగడం వినబడింది. నవ్వులు ఆగి, పరుగుల చప్పుడు మొదలైంది. కాసేపటికి నీటి హోరు దగ్గరైంది, అందులో రిమ్ చప్పుడు కూడా ఆగిపోయింది.