మెట్రోలో తెగిన చెప్పులు

రాయదుర్గం స్టేషన్ మెట్లు దిగేసరికి ఒంటిగంట ఇరవై అయింది. ఎలిజబెత్ గుప్పిట్లో అమ్మ ఐడీ కార్డు చెమటకు తడిసింది. ఇంటి ఓనరు కౌసల్యమ్మ ఫోనుకు అమ్మ చేసి చెప్పిన మాటలు ఇవే: "కార్డు మరిచిన బిడ్డా. రెండింటి లోపల తేకుంటే పనిలకెల్లి తీసేస్తరంట. నీలం అద్దాల బిల్డింగు. ఎన్క గేటు కాడ ఉంట."

నాచారం నుంచి హబ్సిగూడ దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి మెట్రో. అంతవరకు బాగానే ఉంది. ఇక్కడ తలెత్తితే అన్నీ నీలం అద్దాలే. ఒక బిల్డింగులో ఇంకో బిల్డింగు కనిపిస్తోంది, దానిలో మబ్బు. ఇందులో అమ్మది ఏది? మళ్లీ అడుగుదామంటే తన దగ్గర ఫోను లేదు.

ఎవరినైనా ఆపి అడగాలి. ఊరి బళ్లో హాజరు పలకడానికే ఆమె గొంతు పెగిలేది కాదు. చెవుల్లో ఏవో పెట్టుకుని, గాలితో మాట్లాడుకుంటూ పోతున్న వీళ్లను ఏమని పిలవాలి? మొదటి బిల్డింగు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. రెండోదాని తలుపు దానంతటదే తెరుచుకుంది. ఏదో తప్పు చేసినట్టు పరుగెత్తి వచ్చేసింది. ఎదుటి కాఫీ దుకాణం గడియారంలో రెండు కావడానికి పది నిమిషాలే ఉన్నాయి.

మూడోదానిలోకి ఊపిరి బిగబట్టి అడుగుపెట్టింది. నేల నీళ్లు నిలిచినట్టు మెరుస్తోంది.

"ఏయ్ బిడ్డా!" జేబు మీద బుచ్చిరాములు అని రాసి ఉన్న సెక్యూరిటీ ఆయన చెయ్యెత్తాడు. "చెప్పులు బయట ఇడిసినవేంది? ఇదేమన్న గుడా?"

ఎప్పుడు విడిచిందో ఆమెకే తెలియదు. తలుపు అవతల, ఇంటి గడప ముందు పెట్టినట్టే, జంటగా ఉన్నాయి.

ఆయన నవ్వాడు. "నాలుగు నెల్ల కింద ఒకామె గిట్లనే ఇడిసింది. పనిల చేరిన మొదటిరోజు. పొద్దుమీకి సూస్తే యాడున్నయ్? ఊడ్చెటోళ్లు చెత్తల ఏసిన్రు. పాపం, ఒట్టి కాళ్లతోని నాచారం పోయింది."

నాచారం!

అమ్మ పనిలో చేరిన రోజు బొబ్బలెక్కిన పాదాలతో ఇంటికి వచ్చింది. ఏమైందమ్మా అంటే, "మెట్రోల తెగినయి, పారేసిన" అంది. ఎలిజబెత్ డైరీలో కూడా అలాగే రాసుకుంది.

"ఆమె పేరు దోర్కమ్మనా?" ఆ గొంతు తనదేనా అనిపించింది. "నేను ఆమె బిడ్డను. కార్డు తెచ్చిన."

"ఓర్ని! గంట సంది ఎన్క గేటు కాడ నిలవడ్డది. ఇంక అయిదు నిమిషాలే ఉన్నయ్. గీ పక్క సందుల కెల్లి ఉరుకు. చెప్పులు నేన్ జూస్త, చెత్తలకు పోనియ్య!"

బండలు కాలుతున్నాయి. మునివేళ్ల మీద పరుగెత్తింది. గేటు బయట దోర్కా కార్డును లాక్కున్నట్టే తీసుకుని గేటు పక్కనున్న యంత్రానికి ఆనించింది. పచ్చ లైటు వెలిగింది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి వదిలారు.

"ఇన్ని బిల్డింగులల్ల ఎట్ల దొరకబట్టినవే?" అంటూ కూతుర్ని కిందికీ పైకీ చూసిన దోర్కా చూపు పాదాల దగ్గర ఆగింది. "చెప్పులేవి?"

ఎలిజబెత్ ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకుని నిలబడింది.

"మెట్రోల తెగినయి" అంది.

దోర్కా మొహం కందిపోయింది. "గా బుచ్చిరాములన్న నోట్ల నువ్వు గింజ నానదు" అని గొణిగి, నవ్వు బయటపడకుండా మూతికి కార్డు అడ్డం పెట్టుకుని, లోపలికి ఉరికింది.