ఆత్మకూరులో పుస్తకదానం

దానం అనేసరికి జనానికి ముందుగా అటక గుర్తొస్తుంది. ఆ సంగతి ఉదయగిరిలో ఇల్లిల్లూ తిరిగిన రోజున నాకు బాగా తెలిసొచ్చింది. అది ఎనభై మూడు, జనవరి. పేద పిల్లలకు పాత క్లాసు పుస్తకాలు పోగుచేసి పంచుదామని మా ఆత్మకూరు వ్యాపారి రామనారాయణగారు సంఘం పెట్టారు. తిరిగే పని నాది. ఆయన అధ్యక్షుడు కాబట్టి తిరగరు.

మొదటి ఇంట్లో ఎలుక పెంటలతో సహా ఒక మూట నా చేతిలో పెట్టారు. రెండో ఇంట్లో ఇచ్చినవి ఎప్పటివో పంచాంగాలు, పెళ్లి శుభలేఖలు, సగం పేజీలు పొట్లాలకు చించేసిన లెక్కల పుస్తకం. పైగా తన పేరు మైకులో చదివించమని ఆ ఇంటాయన మరీమరీ చెప్పాడు. చెదలు పట్టిన పుస్తకాన్ని ఇంకొకరి బిడ్డ చేతిలో పెట్టడానికి మనసెలా ఒప్పుతుందో నాకర్థం కాదు. మూటలు విప్పేకొద్దీ ఒళ్లంతా కంపరం పుట్టింది.

మధ్యాహ్నానికి వసంతకుమారి టీచరు ఇంటికి చేరాను. ఆమె కూతురు కిందటేడు పదో తరగతి పాసయింది. సైన్సు పుస్తకానికి కొత్త అట్ట వేసి సిద్ధంగా ఉంచారావిడ. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రామనారాయణగారి లారీ డ్రైవరు నబీ రసూల్ కూతురు ఫాతిమాకు కావలసింది అదే. ఆ పుస్తకం లేక స్నేహితురాళ్లను బతిమాలి రాసుకుంటోంది. పరీక్షలు దగ్గరపడేసరికి వాళ్లూ ఇవ్వడం మానేశారు. సైన్సు ఒక్కటి దొరికితే గట్టెక్కుతానని నన్ను అడిగి ఉంది.

సాయంత్రం ఆత్మకూరు బళ్లో సభ. చెత్తంతా అవతల పారేసి, ఎవరికి ఏ పుస్తకాలు కావాలో చూసి కట్టలు కట్టాను. రామనారాయణగారు చదువు గొప్పదనం గురించి చాలాసేపు మాట్లాడి, ఒక్కొక్కరికీ కట్ట అందిస్తూ ఫోటోకు నవ్వారు. ఫాతిమా ఇంటికెళ్లేదాకా ఆగలేక, మెట్ల మీదే కూర్చుని సైన్సు పుస్తకం తీసి చదవసాగింది.

ఫోటోలు అయ్యాక రామనారాయణగారు పిల్లలను మళ్లీ వరసలో నిలబెట్టారు. కట్టలన్నీ గోతాంలో వేయమన్నారు. రేపు వింజమూరులో, ఎల్లుండి కలిగిరిలో ఇవే పంచాలట. అన్ని ఊళ్ల ఫోటోలూ పేపర్లో పడాలట. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వేసేశారు. ఫాతిమా తను చదువుతున్న పేజీ వంక ఒకసారి చూసుకుని, పుస్తకం మూసి గోతాంలో పెట్టింది.

రామనారాయణగారి నవ్వు మొహం కంటే పొద్దుటి ఎలుక పెంటలే నయమనిపించాయి. రేపు నేను రానని ఆయన మొహాన్నే చెప్పాను.

"రాకుంటే మానెయ్‌రా తిరుపాలూ. ఫోటోలు తీసేవాడు వస్తే చాల్లే," అన్నారాయన.

ఆయన చూస్తుండగానే గోతాంలో చెయ్యిపెట్టి సైన్సు పుస్తకం లాక్కుని ఫాతిమా వెంట పరుగెత్తాను. గేటు దాటాక అందింది. పుస్తకం ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దన్నా. నేను వెనక్కిచ్చింది అందరూ చూసినారు. ఇప్పుడు నా దగ్గర కనపడితే దొంగిలించిందంటారు. మా నాయన తోలేది ఆయన లారీనే గదా."

నేనే ఇచ్చానని అందరితో చెబుతానన్నాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, వట్టి చేతులతో ఇంటికి పోయింది.